అటక ఫ్యాన్ సంగతి తర్వాత, ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూడండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ: ఏటవాలు కప్పున్న ఇల్లు. ఎండాకాలంలో పై అంతస్తు గదులు మధ్యాహ్నం మొదలుకొని రాత్రి దాకా కాగిపోతున్నాయి. చలికాలంలో అటక ఎక్కి చూస్తే కప్పు చెక్క మీద పరుచుకున్న నల్ల మచ్చలు (ఒక మూల మరీ ఎక్కువ), మేకుల కొసలకి నీటి బొట్లు. వచ్చి చూసిన ఇద్దరిలో ఒకాయన కరెంటు ఫ్యాన్ పెట్టించమన్నాడు, ఇంకొకాయన కప్పు మీద మరో నాలుగు వెంట్లు (గాలి పోయే కంతలు) కోయిస్తే సరిపోతుందన్నాడు. ఎవరి మాట వినాలని అడిగారు.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. ఇద్దరూ గాలి బయటికి పోయే దారి గురించే మాట్లాడారు. లోపలికి ఎక్కణ్ణుంచి వస్తుందన్నది ఇద్దరూ చూడలేదు. ఇంట్లోని చెమ్మ అటకలోకి ఎలా ఎక్కుతోందన్నది అసలే పట్టించుకోలేదు. ఇన్నేళ్లలో నేను చూసిన ఇళ్లలో చాలావరకు తేడా ఈ రెండు చోట్లే ఉంటుంది. పైన వెంట్లు చాలకనే పాడైన అటక అరుదు.

అసలు మీకున్నది ఒక సమస్య కాదు, రెండు. వేడి ఒకటి, చెమ్మ ఒకటి. రెండూ ఒకే అటకలో ఉన్నాయి కాబట్టి ఒకే మందు వేస్తే పోతాయనిపిస్తుంది. వెంటిలేషన్ చెమ్మకి బాగా పనిచేస్తుంది, గదుల్లో వేడికి మాత్రం కొంతవరకే. ఈ తేడా ఎవరూ చెప్పరు, డబ్బు ఖర్చయ్యాక మనకే తెలుస్తుంది.

వేడి సంగతి చూద్దాం. ఎండ తగిలిన కప్పు బాగా వేడెక్కుతుంది, ముదురు రంగు కప్పు మరీను. మిట్టమధ్యాహ్నం అటకలో గాలి 60 డిగ్రీల సెల్సియస్ దాటడం వింతేం కాదు. ఆ కాగిన చెక్క కింద ఉన్న గాలినే కాదు, ఎదురుగా ఉన్న (వేడి దిగకుండా సీలింగ్ మీద పరిచే దూదిలాంటి) ఇన్సులేషన్‌ని కూడా నేరుగా వేడి చేస్తుంది. ఎండలో నిలబడితే గాలి వీస్తున్నా ఒంటికి వేడి తగిలినట్టే ఇదీ. అటకలో గాలిని ఎంత మార్చినా ఈ వేడి ఆగదు. దాన్ని ఆపేవి సీలింగ్ మీద మందంగా, ఖాళీలు లేకుండా పరిచిన ఇన్సులేషన్, లేత రంగు కప్పు, వాసాల అడుగున కొట్టే మెరుపు రేకు పొర లాంటివి. అటకలోంచి ఏసీ గొట్టాలు వెళ్తుంటే వాటి అతుకులు కూడా చూడాలి. చల్లగాలి గదిలోకి రాకముందే అటకలోకి కారిపోతుంటే ఎన్ని వెంట్లు కోసినా బిల్లు తగ్గదు.

ఇక చెమ్మ. చలికాలంలో ఇంట్లో గాలి వెచ్చగా ఉంటుంది. వంట, స్నానాలు, ఆరేసిన బట్టలు, మన ఊపిరి అన్నీ కలిసి దాన్ని తేమగా కూడా చేస్తాయి. ఆ గాలి పైకి పోవాలని చూస్తుంది, సీలింగ్‌లో ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి ఎక్కేస్తుంది. పైన చల్లబడిన చెక్కకి తగలగానే తేమ నీరవుతుంది. మేకులు ఇనుము కాబట్టి చెక్క కంటే ముందే చల్లబడతాయి, అందుకే బొట్లు ముందు వాటికే కనిపిస్తాయి. బాగా చలి పడే చోట ఈ నీరు రాత్రి మంచుపొరలా గడ్డకట్టి, పొద్దున ఎండ తగలగానే కరిగి కారుతుంది. కప్పు కారుతోందనుకుని పైపొర మార్పించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. వాన కారితే వాన పడ్డాక వస్తుంది, మచ్చ ఒక చోట గుంపుగా ఉంటుంది. లోపలి చెమ్మ అయితే వాన లేకపోయినా వస్తుంది, మచ్చలు విస్తారంగా పరుచుకుని ఎండ తక్కువ పడే వాలు మీద ఎక్కువగా ఉంటాయి. మీరు చెప్పింది రెండో రకంలాగే ఉంది.

సీలింగ్ బోర్డు గుండా ఆవిరి మెల్లగా ఊరుతూ పైకెక్కుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజమే కానీ చాలా కొద్దిగా. ఒక చిన్న చిల్లులోంచి గాలితో పాటు కొట్టుకుపోయే తేమ, ఆ బోర్డు మొత్తం ఊరే తేమ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి అసలు శత్రువు సందులే.

ఇప్పుడు ఫ్యాన్ గురించి. అది గాలిని లాగుతుంది, నిజమే. ఎక్కణ్ణుంచి లాగుతుందన్నది దానికి అనవసరం. చూరు కింద గాలి వచ్చే దారులు మూసుకుపోయి ఉంటే, సీలింగ్ సందుల్లోంచి మీ గదుల్లోని గాలినే లాగుతుంది. అంటే ఎండాకాలంలో మీరు డబ్బు పెట్టి చల్లబరిచిన గాలిని అటకలోంచి బయటికి తోలుతుంది, ఆ ఖాళీ నింపడానికి కిటికీల సందుల్లోంచి వేడిగాలి ఇంట్లోకి వస్తుంది. పైగా ఈ ఫ్యాన్లు ఎక్కువగా వేడిని బట్టి ఆన్ అవుతాయి. మీ నల్ల మచ్చలు పుట్టేది చలికాలంలో కదా, అప్పుడు అది తిరగనే తిరగదు. తేమను బట్టి ఆన్ అయ్యే రకం పెడితే ఇంకా ఘోరం, ఇంట్లోని తేమగాలినే ఇంకాస్త గట్టిగా పైకి లాక్కుంటుంది. సోలార్ ఫ్యాన్‌కి కరెంటు బిల్లు ఉండదన్న మాటే కానీ ఈ లెక్క దానికీ మారదు.

ఇంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఇంటి లోపల గ్యాసుతోనో నూనెతోనో మండే నీళ్ల హీటర్, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ లాంటివి ఉంటే, బలమైన ఫ్యాన్ ఇంట్లో గాలి ఒత్తిడి తగ్గించి, పొగ గొట్టంలోంచి పైకి పోవాల్సిన పొగని వెనక్కి లాగగలదు. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. ఫ్యాన్ ఉన్నా లేకపోయినా అలాంటి ఇంట్లో దాన్ని పసిగట్టే అలారం తప్పనిసరిగా ఉండాలి.

సరే, పని మొదలుపెట్టేది అటక ఎక్కి చూడటంతో. పొద్దున్నే ఎక్కండి, ఎండెక్కాక పైన ఉండటం ప్రమాదం. మాస్కు, పొడుగు చేతుల చొక్కా, తలకి కట్టుకునే లైటు ఉండాలి. కాలు దూలాల మీదే పడాలి, మధ్యలో సీలింగ్ బోర్డు మీద వేస్తే కింద గదిలో తేలతారు. ఒక వెడల్పాటి పలక పట్టుకెళ్లి రెండు మూడు దూలాల మీద ఆనించి కూర్చుంటే పని తేలిక. పాత ఇల్లయి, ఇన్సులేషన్ గులకరాళ్లలా, బూడిద రంగులోనో బంగారు రంగులోనో మెరుస్తూ ఉంటే దాన్ని కదపొద్దు. అది వెర్మిక్యులైట్ కావచ్చు, అందులో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పరీక్ష చేయించాకే మిగతా పని.

పైకెక్కాక కాసేపు లైటు ఆర్పేయండి. చుట్టూ చూరు వెంబడి పగటి వెలుతురు సన్నగా కనిపించాలి. చాలా ఇళ్లలో కనిపించదు. ఇన్సులేషన్‌ని చూరు దాకా తోసి దారి మూసేసి ఉంటారు, లేదా బయట రంగు వేసినప్పుడు జల్లెడ కన్నాలన్నీ రంగుతో పూడిపోయి ఉంటాయి. ఇంకో రకం ఉంది, అది చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది: పాత చెక్క చూరు అడుగున కొత్తగా చిల్లుల ప్లాస్టిక్ పలకలు అందంగా బిగించి, పైనున్న చెక్కకి మాత్రం ఒక్క రంధ్రం కూడా కోయరు. కింద నుంచి చూస్తే బోలెడు వెంట్లు, పైకి గాలి మాత్రం సున్నా. ఒక పలక విప్పి చూస్తే కానీ ఇది బయటపడదు.

తర్వాత లైటు వేసి ఇన్సులేషన్‌ని చూడండి. పసుపు రంగో గులాబీ రంగో ఉండాల్సిన దూది అక్కడక్కడా మురికి నల్లగా కనిపిస్తే దాన్ని ఎత్తి చూడండి. చాలాసార్లు దాని కింద ఒక సందు ఉంటుంది. ఇంట్లోంచి ఎక్కే గాలిలోని దుమ్ము అక్కడ వడకట్టుకుని నిలిచిపోతుంది. వెతుక్కునే పని లేకుండా సందులే తమ చిరునామా చెప్తాయన్నమాట.

ఈ సందులు మూయడమే మొదటి పని, నా దృష్టిలో సగం వైద్యం కూడా ఇదే. ఎక్కువగా దొరికే చోట్లు: గోడల తలకట్టు మీద వైర్లు దిగే రంధ్రాలు, నీళ్ల పైపులు పైకొచ్చే గూళ్లు, బాత్రూమ్ ఫ్యాన్ పెట్టె చుట్టూ, సీలింగ్‌లో దించిన లైట్లు, అటక మూత. చిన్నవాటికి సీలెంట్, కాస్త పెద్దవాటికి స్ప్రే ఫోమ్ డబ్బా, బాగా పెద్ద గూళ్లకి బోర్డు ముక్క కోసి అంచులకి ఫోమ్. పొగ గొట్టం చుట్టూ ఉన్న ఖాళీని మాత్రం ఫోమ్‌తో ముట్టుకోవద్దు. అక్కడ రేకు కోసి బిగించి, వేడిని తట్టుకునే సీలెంట్ వాడాలి, ఇన్సులేషన్ గొట్టానికి తగలకుండా రేకుతోనే అడ్డు కట్టాలి. దించిన లైట్ల మీద 'ఇన్సులేషన్ తగలొచ్చు' అనే గుర్తు లేకపోతే చుట్టూ కనీసం 3 అంగుళాలు ఖాళీ వదలాలి. వాటిని మూసిన రకం ఎల్‌ఈడీలతో మార్చేస్తే ఆ బాధ పోతుంది. అటక మూతని అందరూ మర్చిపోతారు. అంచుకి రబ్బరు పట్టీ, పైన మందపాటి ఫోమ్ బోర్డు అతికిస్తే చాలు.

బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం ఎక్కడ తేలిందో కూడా అప్పుడే చూడండి. మీ మచ్చలు ఒక మూల ఎక్కువగా ఉన్నాయన్నారు కాబట్టి దీని మీద నాకు గట్టి అనుమానం. చాలా ఇళ్లలో ఆ గొట్టం అటకలోనే వదిలేసి ఉంటుంది, స్నానాల ఆవిరంతా తిన్నగా కప్పు చెక్కకే. కొందరు తెలివిగా దాని కొసని చూరు వెంటు దగ్గర పడేస్తారు. చూరు దగ్గర గాలి లోపలికి వస్తుంది కదా, ఆ ఆవిరి కూడా దాంతో తిరిగి లోపలికే వస్తుంది. గొట్టాన్ని కప్పులోంచో పక్క గోడలోంచో పూర్తిగా బయటికి తీసి, బయట మూత బిగించాలి. పొట్టిగా, తిన్నగా, ఇన్సులేషన్ చుట్టి ఉండాలి. చుట్టకపోతే చలికాలంలో గొట్టంలోనే నీరు పట్టి ఫ్యాన్‌లోకి కారుతుంది. వంటింటి చిమ్నీకి, బట్టలారబెట్టే మెషీన్‌కి కూడా ఇదే నియమం.

రెండో పని చూరు దారులు. నూనె డబ్బాకి ఒకే చిల్లు పెడితే నూనె గుటగుటలాడుతూ వస్తుంది, ఎదురుగా రెండో చిల్లు పెడితేనే ధార కడుతుంది. అటకకీ అంతే, పైన ఎంత తెరిచినా కింద తెరవకపోతే గాలి కదలదు. చూరు దగ్గర ప్రతి రెండు వాసాల మధ్య, కప్పు చెక్కకి ఆనించి ఒక బాఫిల్ కొట్టాలి. అది ప్లాస్టిక్‌దో గట్టి అట్టదో అయిన దొప్పలాంటి పలక. దాని వల్ల ఇన్సులేషన్ ఎంత మందంగా వేసినా కప్పు చెక్క కింద గాలి పోయే సందు మిగులుతుంది. కనీసం 1 అంగుళం ఖాళీ ఉండాలన్నది నియమం, 2 అంగుళాలుంటే నాకు నిశ్చింత. బాఫిల్ కింది కొస దగ్గర ఇన్సులేషన్‌కి ఒక అడ్డు ముక్క కూడా పెట్టండి, లేకపోతే చూరులోంచి వచ్చే గాలి ఇన్సులేషన్ అంచుల్లో దూరి అక్కడ గది సీలింగ్‌ని చల్లబరుస్తుంది. గదుల మూలల్లో, గోడ సీలింగ్ కలిసే చోట బూజు కనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే.

ఇక ఎంత వెంటు కావాలన్న లెక్క. అమెరికా నివాస భవన నియమాల్లో ఉన్న కొలతనే చాలాచోట్ల వాడుతున్నారు: అటక నేల విస్తీర్ణంలో 150వ వంతు గాలి పోయే ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో 40 నుంచి 50 శాతం కొప్పు (కప్పు వాలులు కలిసే పై అంచు) దగ్గర, మిగతాది చూరు దగ్గర ఉంటే, బాగా చలి ప్రాంతాల్లో దానికి తోడు సీలింగ్‌కి ఆవిరిని ఆపే పొర కూడా ఉంటే 300వ వంతు చాలు. ఈ 300వ వంతు లెక్క 1942లో అక్కడి ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ నిబంధనల్లో కనిపిస్తుంది. అదొక ఉజ్జాయింపు, అంతకంటే ఎక్కువ నమ్మకం దాని మీద పెట్టుకోనక్కర్లేదు. అయినా లెక్కకి ఒక మొదలు కావాలి కాబట్టి పనికొస్తుంది.

ఉదాహరణకి అటక 1000 చదరపు అడుగులుంటే 300వ వంతు అంటే 3.33 చదరపు అడుగులు, అంటే 480 చదరపు అంగుళాలు. చూరుకి 240, కొప్పుకి 240. కొప్పు పొడవునా వేసే రిడ్జ్ వెంట్ మీద అడుగుకి 18 చదరపు అంగుళాలని రాసి ఉందనుకోండి, 13, 14 అడుగుల ముక్క సరిపోతుంది. చూరు కింద బిగించే వెంటు పట్టీ అడుగుకి 9 ఇస్తే అది దాదాపు 27 అడుగులు కావాలి, ఇంటి రెండు వైపులా కలిపి. ఇక్కడ చూడాల్సింది వెంటు బయటి కొలత కాదు. రెక్కలు, పురుగులు రాకుండా కొట్టిన జాలీ పోగా మిగిలే ఖాళీని లెక్కలోకి తీసుకోవాలి, అది వస్తువు మీదో పెట్టె మీదో అచ్చు వేసి ఉంటుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న రెక్కల వెంటు ఇచ్చే అసలు ఖాళీ అందులో సగం కూడా ఉండకపోవచ్చు. జాలీకి దుమ్ము పడితే అదీ తగ్గుతుంది.

సరిగ్గా సగం సగం కుదరకపోతే కింద ఎక్కువ ఉండనివ్వండి, పైన ఎక్కువ వద్దు. పైన ఎక్కువైతే ఆ లోటు మళ్లీ మీ గదుల్లోంచే పూడుతుంది, లేదా గాలివానలో కొప్పు ఒక భాగం గాలిని బయటికి పంపే బదులు లోపలికి పీల్చి, దాంతో పాటు వాన జల్లునీ తెస్తుంది. ఆ రెండో ఆయన చెప్పిన నాలుగు వెంట్లు ఇప్పుడే ఎందుకు వద్దన్నానో ఇక్కడ అర్థమవుతుంది.

మూడో పని, అది కూడా అవసరమైతేనే, పైన తెరవడం. సూటిగా పొడవైన కొప్పున్న కప్పుకి రిడ్జ్ వెంట్‌ని మించింది లేదు. బయటి వైపు గాలిని మళ్లించే అంచు ఉన్న రకమే తీసుకోండి, అంచు లేని చవక రకంలో వాన దూరుతుంది. నాలుగు వైపులా వాలున్న కప్పుకి కొప్పు పొట్టిగా ఉంటుంది కాబట్టి దానికి కాస్త దిగువన పెట్టె వెంట్లు వేయాలి, అన్నీ ఒకే ఎత్తులో. గాలికి తిరిగే గుండ్రటి టర్బైన్లు కూడా పనిచేస్తాయి, బేరింగ్ అరిగాక రాత్రుళ్లు వాటి కీచుమనే మోత భరించగలిగితే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: బయటికి పంపేవి రెండు మూడు రకాలు కలపొద్దు. రిడ్జ్ వెంట్ దగ్గర్లో ఫ్యాన్ పెడితే ఫ్యాన్ ఆ రిడ్జ్ లోంచే గాలి లాక్కుని బయటికి పంపుతుంది, కింద అటకంతా అలాగే ఉంటుంది. పక్క త్రికోణపు గోడల్లో పాత వెంట్లుంటే, చూరు నుంచి కొప్పు దాకా దారి పక్కాగా కుదిరాక వాటిని లోపలి నుంచి మూసేయడం మేలు. చూరే లేని ఇంట్లో మాత్రం అవే దిక్కు, మూయకండి.

అసలు వెంటిలేషనే వద్దనే అటకలూ ఉన్నాయి. ఇన్సులేషన్ సీలింగ్ మీద కాక వాసాల మధ్య కప్పుకే అంటించి ఉంటే, ఉదాహరణకి స్ప్రే ఫోమ్ కొట్టి ఉంటే, ఆ అటక గదుల్లో భాగమే. దానికి వెంటు కోస్తే పెట్టిన ఖర్చంతా గాల్లో కలిసినట్టే. తేమ, ఉక్క ఎక్కువగా ఉండే చోట అటకలో ఏసీ గొట్టాలుంటే కూడా ఆలోచించాలి. బయటి తేమగాలి వచ్చి ఆ చల్లటి గొట్టాల మీద నీరై కారుతుంది. అలాంటిచోట ముందు గొట్టాల అతుకులు మూసి, ఇన్సులేషన్ సరిచేసి, ఆ తర్వాతే వెంట్ల మాట. కార్చిచ్చు భయం ఉన్న ప్రాంతమైతే వెంట్లకి నిప్పురవ్వలు దూరని సన్నటి లోహపు జాలీ ఉండాలి, 8వ వంతు అంగుళం కంటే పెద్ద కన్నాలు పనికిరావు.

నల్ల మచ్చల గురించి మీకు టెన్షన్ ఎక్కువగా ఉన్నట్టుంది. ఒక స్క్రూడ్రైవర్‌తో మచ్చ ఉన్నచోట చెక్కని గుచ్చి చూడండి. గట్టిగా ఉంటే అది పైపై బూజే. మెత్తగా దిగిపోతే ఆ పలక మార్చాలి. చెక్కలో తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది, అది 20 శాతం లోపు చూపిస్తే కుళ్లు భయం లేదు. చెమ్మ ఆపకుండా బ్లీచింగ్ కొట్టినా, రంగు వేసినా తర్వాతి చలికాలానికి మళ్లీ వస్తుంది. చెమ్మ ఆగితే పాత మచ్చ అక్కడే ఉండిపోతుంది కానీ పెరగదు. ఇప్పుడే ఫోటోలు తీసి, మచ్చ అంచు వెంబడి పెన్సిల్‌తో గీత గీసుకోండి. కప్పులో పెద్ద భాగం నిండా ఉన్నా, ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లున్నా శుభ్రం చేసే పని మీరు పెట్టుకోకుండా తెలిసినవాళ్లకి ఇవ్వండి.

పని అయ్యాక ఫలితం కొలవడానికి వేడి, తేమ రెండూ గుర్తుపెట్టుకునే మీటరు ఒకటి అటకలో, ఒకటి బయట నీడలో పెట్టండి. చలికాలం రాత్రి అటక వేడి బయటి వేడికి దగ్గరగా ఉంటే సీలింగ్ బాగా మూసుకున్నట్టు. అటక గోరువెచ్చగా ఉంటే ఇంటి గాలి ఇంకా ఎక్కణ్ణుంచో ఎక్కుతోందని అర్థం. తేమ 80 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే బూజుకి అనువు, మళ్లీ సందుల వేట మొదలు. మంచు పడే చోట మీటరు కూడా అక్కర్లేదు: పక్క ఇళ్ల కప్పుల మీద మంచు నిలిచి మీ కప్పు మీద ముందే కరిగిపోతున్నా, చూరుకి పెద్ద పెద్ద మంచు ఊడలు వేలాడుతున్నా అదే సంగతి.

వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది. సందులు, బాత్రూమ్ గొట్టం, బాఫిల్స్, ఆ తర్వాతే కొత్త ఇన్సులేషన్. దూది పరిచేశాక సందులు వెతకాలంటే మొత్తం తోడాలి. రిడ్జ్ వెంట్ కోయించడం మాత్రం, కప్పు పైపొర మార్చే సమయం దగ్గర్లో ఉంటే అప్పటిదాకా ఆపండి. అదే పనిలో కలిసిపోతుంది, కొత్త కప్పుకి మళ్లీ రంపం పెట్టాల్సిన పని ఉండదు.